చూచిన పనికే అంకె

బుద్ధిమంతుడు, అల్లరివాడు, సోమరి. ప్రగతి పత్రాలలో నడవడికి ఎదురుగా తరచు కనిపించే మాటలివి. ఇవి పిల్లవానిని గురించి చెప్పుతున్నవో, వ్రాసిన పంతులుగారి మనస్సును గురించి చెప్పుతున్నవో తేల్చడం కష్టం.

1920లో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ సైనికులపై వారి అధికారులు వేసిన అంచనాలను పరిశీలించాడు. దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, శీలం వేరువేరు గుణాలే. అయినా ఒకదానిలో మెప్పు పొందినవానికి తక్కినవాటిలోను మెప్పే దక్కినది. దీనినే పరివేష ప్రభావమంటారు. దస్తూరి ముత్యాల వలె ఉన్న విద్యార్థి సత్యసంధుడుగా కూడ తోచడం ఉపాధ్యాయులు ఎరుగనిది కాదు.

నిర్ధారణ మాపని ఈ దోషాన్ని నిర్మూలించలేదు. చక్కగా కూర్చినదైతే కొంత అరికట్టగలదు. దృష్టాంతం మన సికిందరాబాదులోనే ఉన్నది. అక్కడి మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ నుండి, మేధోవైకల్యం గల బాలబాలికల కొరకు రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ రూపొందించిన ప్రవర్తనా మాపని 1992లో వెలువడినది. అందులో నేర్వదగిన పనులు 280. బిడ్డ ఒక పనిని తనంత తాను చేస్తే 5. చిన్న సూచన చాలితే 4. నోటితో చెప్పవలసివస్తే 3. చేయి పట్టి చేయించవలసివస్తే 2. సర్వం ఇతరులపైనే ఆధారపడితే 1. చొక్కా బొత్తాలు పెట్టుకొనడంలో మూడు నాలుగైనదంటే, ఏమి మారినదో తల్లికీ తెలుస్తుంది, పంతులుగారికీ తెలుస్తుంది. మంచివాడన్న మాటకు ఆ శక్తి లేదు. ఖాజాగూడ చుట్టుపట్ల కార్యాలయాలలో ఉద్యోగికి ఏటా వేసే అంకె వెనుక ఇంత వివరణ ఉన్నదా అని ఎవరైనా అడిగి చూడవచ్చును.

అదే సంస్థ ఆటిజం కొరకు మరొక మాపనిని తయారుచేసినది. 2016లో కేంద్రప్రభుత్వం వైకల్య ధ్రువపత్రాలకు దానిని నిర్దేశించినది. అంశాలు 40; ఒక్కొక్కదానికి 1 నుండి 5 వరకు. ఇక్కడ ‘తరచు’ అనే మాట కూడ పరీక్షకుని ఇష్టానికి విడువబడలేదు: నూటికి 41 నుండి 60 పాళ్లు ఆ ప్రవర్తన కనబడితేనే తరచు. మొత్తం 70కి తగ్గితే ఆటిజం లేనట్లు లెక్క. కనుక ఎదుటివారి కళ్లలోనికి చూడడంవంటి ఒక్క అంశంలో, కొత్త గదిలో బెదరిన బిడ్డకు ఒక అంకె హెచ్చినా తగ్గినా, 69కీ 70కీ నడుమ ధ్రువపత్రమే ఊగుతుంది. అందుకే పరీక్షకుడు తాను చూచినదానితో తృప్తిపడక, ఇంటి వద్ద బిడ్డ ఎట్లుండునో తల్లిదండ్రులను అడిగి తెలిసికొన్న తరువాతనే అంకె వేయవలసి ఉన్నది.