మృగముల కొఱకు కట్టిన వంతెన

హైదరాబాదునుండి నాగపూరు మీదుగా ఉత్తరదేశమునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి, పెంచ్ పులుల అభయారణ్యపు చెంత సాగునప్పుడు, తన క్రిందనున్న వింతను ప్రయాణికునికి తెలియనీయదు. లారీలు ఎప్పటివలెనే హోరుమని పోవుచుండును, ఆ చక్రముల అడుగుననే, స్తంభములమీద నిలిపిన బాట నీడలో, ఒక పెద్దపులి తొందరలేక ఆవలి అడవికి నడచిపోవుచుండవచ్చును.

వాగు దాటుటకు మనుష్యుడు వంతెన కట్టుకొనుట ప్రాచీనవిద్యయే గాని, మనుష్యుడు వేసిన బాటను దాటుటకు మృగమునకు వంతెన కట్టుట నిన్నమొన్నటి సంగతి. 1950ల దశకమున ఫ్రాన్సులో పుట్టిన ఈ కల్పనకు, కెనడాలోని బాన్ఫ్ జాతీయోద్యానమే అసలైన విద్యాశాల. 1980ల దశకమున అచటి రహదారిని నాలుగు వరుసలకు విస్తరించునప్పుడు ఇంజనీర్లు ఇరువైపుల 2.4 మీటర్ల ఎత్తున కంచె వేసి, నడుమనడుమ క్రిందిదారులు విడిచిరి. పిదప 1996 ప్రాంతమున, రహదారికి పైగా మన్ను పోసి, చెట్లు నాటి, దాదాపు 50 మీటర్ల వెడల్పున రెండు పైవంతెనలను గూడ కట్టిరి. నన్నడిగినచో, ఇందు అగ్రతాంబూలము కంచెకే చెల్లును: అది లేనిచో మృగము తనకు తోచినచోటనే దాటును గాని, వంతెన యెంత సుందరమైనను దానిని వెదకికొని రాదు.

వచ్చుచున్నవో లేదో తెలియుటకు శాస్త్రజ్ఞులు ఇసుక పఱచి అడుగుజాడలు లెక్కించిరి. ఎలుగుబంటివంటి శంకాశీలమగు జంతువునకు ఆ దారి అలవడుటకు కొన్ని సంవత్సరములు పట్టెను. తొలియేటి జాడలనే చూచి తీర్పు చెప్పువానికి అదంతయు ధనవ్యర్థముగానే తోచియుండును. అంతకంటె వింత యేమనగా, గ్రిజ్లీ ఎలుగులు, తోడేళ్లు, ఎల్క్ దుప్పులు ఆకాశము కనబడు విశాలమైన పైవంతెనను కోరగా, నల్ల ఎలుగులును ప్యూమాలును ఇఱుకైన చీకటిదారినే వరించినవి. అందఱికి ఒకే కొలత చాలదు గనుక, నేడచట 6 పైవంతెనలును 38 క్రిందిదారులును ఉన్నవి. కంచె వేసిన మేర వాహనములు మృగములను ఢీకొనుట నూటికి 80 పాళ్లకు పైగా తగ్గినది.

పెంచ్‌లో మహారాష్ట్ర భాగమున కట్టిన 9 నిర్మాణములలో మిక్కిలి పొడవైనది 750 మీటర్లు. ఇచట ఇసుకకు మాఱుగా కెమెరాలు కావలి కాచినవి. 2019 మార్చి మొదలు డిసెంబరు వఱకు భారత వన్యప్రాణి సంస్థవారు అమర్చిన ఆ కెమెరాలకు చుక్కల దుప్పులు, చిఱుతలు, రేచుకుక్కలు మున్నగు 18 జాతుల అడవిజంతువులు 5,450 చిత్రములలో చిక్కినవి. పెద్దపులి 89 మారులు కనబడెను. ఒక్కొక్క పులి చారలు ఒక్కొక్క తీరున ఉండును గనుక, వానిని పోల్చి చూచి, పదేపదే వచ్చిపోయినది ఒక్క పులి కాదనియు, 11 పులులనియు వారు తేల్చిరి.