వరుసలో నిలిచిన అచ్చు పనిని రద్దు చేయుట

మన సంఘ కార్యాలయాలలోను, జకార్డు నమూనాలు గీయు ఇండ్లలోను నేడు కంప్యూటరు, ప్రింటరు వచ్చి చేరినవి. ధర చీటీలు 40 కాగితాలు కావలసిన చోట పొరపాటున 400 అని కొట్టితిమనుకొందము. పది కాగితాలు వచ్చునప్పటికి తప్పు తెలిసినది. గాబరాపడి ప్రింటరు స్విచ్చి ఆపుదుము. కాసేపటికి తిరిగి వేయగానే ఆ చీటీలే మళ్ళీ రాసాగును. కారణమేమి?

ఆ పని ఉన్నది ప్రింటరులో కాదు, కంప్యూటరులో. కంప్యూటరు పంపునంత వేగముగా ప్రింటరు అచ్చు వేయలేదు. అందుచేత పనులన్నియు ముందుగా డిస్కులో వరుసగా నిలువ ఉండును. ఇంట్లో ఆడవారు ముందే కండెలు చుట్టి గంపలో ఉంచగా, మగ్గము మీదివారు ఒక్కొక్కటే తీసికొని నేసినట్లే ఇదియును. ఈ ఏర్పాటుకు ఆంగ్లమున స్పూలు అని పేరు. నూలు చుట్టు బొబ్బినుకును అదే మాట. మగ్గము ఆపినంత మాత్రాన గంపలోని కండెలు పోవు గదా!

కనుక కండెను గంపలోనుండి తీయవలెను. లైనక్సు, మాక్ కంప్యూటర్లలో అచ్చు పనులను సామాన్యముగా నడుపునది 1999లో వెలువడిన కప్స్ అను ఏర్పాటు. టెర్మినలు తెరచి, ఆంగ్లపు చిన్న అక్షరాలలో ఎల్, పీ, ఎస్, టీ, ఏ, టీ అని కలిపి వ్రాసి, ఖాళీ విడిచి, మైనస్ గుర్తు, ఓ అక్షరము చేర్చి ఎంటరు నొక్కవలెను. నిలిచిన పనుల పట్టీ కనబడును. ప్రతి వరుసలో మొదట ప్రింటరు పేరు, గీత, పని సంఖ్య ఉండును: ఆఫీస్-27 వలె. దాని ప్రక్కనే పంపినవారి పేరుండును. తప్పు పని ఏదో గుర్తించి, సీ, ఏ, ఎన్, సీ, ఈ, ఎల్ అని వ్రాసి, ఖాళీ విడిచి, ఆ పేరు, సంఖ్య ఉన్నదున్నట్లు చేర్చి ఎంటరు నొక్కిన ఆ ఒక్క పని తొలగును.

ఇచ్చట ఒక హెచ్చరిక. అదే ఆజ్ఞకు సంఖ్య బదులు మైనస్ గుర్తు, ఏ అక్షరము, ప్రింటరు పేరు చేర్చినచో ఆ ప్రింటరు వరుస అంతయు రద్దగును. పేరు కూడ వ్రాయకున్న అన్ని ప్రింటర్ల పనులును పోవును. కూలి చెల్లింపు నాడు పదిమంది పట్టీలు ఆ వరుసలోనే ఉండవచ్చును. పోగు తెగినదని పడుగు కోసివేయుదుమా?

విండోసులో స్పూలరును ఆపి, దాని ఫోల్డరులోని ఫైళ్ళు తుడిచి, తిరిగి నడుపుట పలువురు చెప్పు ఉపాయము. అదియును అందరి పనులను పోగొట్టునదే. పవర్‌షెల్‌లో గెట్-ప్రింట్‌జాబ్ అను ఆజ్ఞకు ప్రింటరు పేరు జతచేసి పట్టీ చూచి, పిదప రిమూవ్-ప్రింట్‌జాబ్ -ప్రింటర్‌నేమ్ ఆఫీస్ -ఐడీ 27 అను తీరున, ఆంగ్లాక్షరాలలో, మన ప్రింటరు పేరు, పని సంఖ్య ఇచ్చిన ఒక్కటే తొలగును.

ఇదివరకే ప్రింటరు జ్ఞాపకములోనికి పోయిన కాగితాలు మాత్రము కొన్ని రావచ్చును. వాటిని ఆపుటకు ప్రింటరు మీది రద్దు మీట నొక్కవలెను. ముందు పట్టీ చూచి, తరువాతనే రద్దు చేయుట అలవాటైనచో మన కాగితము మిగులును, తోటివారి పనియు చెడదు.