లెవీ కట్టేది పశుపోషకులు, పెత్తనం ఎవరిది?

2011 మే 30వ తేదీ రాత్రి ఆస్ట్రేలియా ప్రభుత్వ టెలివిజన్ ఏబీసీ ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. ఆస్ట్రేలియా నుండి ఓడల్లో వెళ్లిన పశువులను ఇండొనేషియాలోని కొన్ని కబేళాల్లో ఎలా కోస్తున్నారో అందులో చూపారు. తాళ్లు కట్టి లాగి సిమెంటు గచ్చుమీద పడేయడం, కొట్టడం, మొద్దుబారిన కత్తితో మళ్లీ మళ్లీ కోయడం కళ్లారా చూసిన జనం నిర్ఘాంతపోయారు. జూన్ 2న వ్యవసాయ మంత్రి జో లుడ్విగ్ 12 కబేళాలకు పశువులను పంపరాదని ఉత్తర్వు ఇచ్చారు. జనాగ్రహం చల్లారలేదు. జూన్ 7న రెండో ఉత్తర్వు వచ్చింది. ఆరు నెలల వరకు ఇండొనేషియాకు ఒక్క పశువు కూడా వెళ్లడానికి వీల్లేదన్నది దాని సారాంశం.

ఈ ఉదంతం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా చర్చ హలాల్ మీదికి మళ్లుతుంది. కనుక ఆ సంగతి ముందే చెప్పుకుందాం. కత్తి పదునుగా ఉండాలనీ, జంతువును అనవసరంగా బాధించరాదనీ, ఒక జంతువు చూస్తుండగా మరొకదాన్ని కోయరాదనీ చిన్నప్పటి నుండి వింటూ వచ్చిన వారం మనం. ఆ దృశ్యాల్లో ఉన్నది ఈ నియమాల ఉల్లంఘనే తప్ప ఆచరణ కాదు. ఐతే మేము ఈ రోజు చెప్పదలచుకున్నది కబేళాల గురించి కాదు. ఆ కబేళాలను ఎన్నడూ చూడని, కానీ వాటి కోసం తమకు తెలియకుండానే డబ్బు కట్టిన పశుపోషకుల గురించి.

ఉత్తర ఆస్ట్రేలియాలో పశువుల పెంపకం మన ఊళ్ల పాడి వంటిది కాదు. ఒక్కో కుటుంబం చేతిలో వేల ఎకరాల బీడు, వేల పశువులు. వర్షాకాలంలో దారులు మునిగిపోతాయి. మే నుండి అక్టోబరు వరకు ఉండే పొడి కాలంలోనే మందలను కూడగట్టి డార్విన్ వంటి రేవులకు తోలాలి. ఆ వేడిని తట్టుకునేది బ్రాహ్మన్ జాతి. అమెరికాలో మన దేశపు పశువుల నుండి రూపొందిన ఈ జాతిలో మన ఒంగోలు రక్తం కూడా ఉంది. 1933లో అది ఆస్ట్రేలియాకు చేరింది. ఇండొనేషియా రైతుకు కూడా ఒంగోలు కొత్త కాదు. 20వ శతాబ్దం తొలినాళ్లలో డచ్చివారు ఒంగోలు పశువులను సుంబా దీవికి తీసుకుపోయారు. నేటికీ అక్కడ వాటిని ఒంగోలు పేరుతోనే పిలుస్తారు.

2009లో ఆస్ట్రేలియా నుండి ఇండొనేషియాకు 7 లక్షల 70 వేలకు పైగా పశువులు వెళ్లాయి. 350 కిలోలకు మించని పశువునే దిగుమతి చేసుకోవాలని ఇండొనేషియా పట్టుపట్టడంతో 2010లో ఆ సంఖ్య 5 లక్షల 20 వేలకు పడిపోయింది. ఐనా ఉత్తరాదివారికి వేరే సంత లేదు. లేత పశువును పంపితే ఇండొనేషియాలో మూడు నాలుగు నెలలు మేపి అమ్ముకుంటారు. దక్షిణాదికి లారీల్లో పంపాలంటే దూరాభారం, కిరాయి ఖర్చు. పైగా బక్కపశువుకు అక్కడ ధర పలకదు. అలాంటి వారికి సరిగ్గా మందలు కూడగట్టే కాలంలో తలుపు మూసుకుపోయింది. దొడ్లలోకి తోలిన పశువులు అక్కడే నిలిచిపోయాయి. రోజులు గడిచేకొద్దీ బరువు పెరిగి 350 కిలోల గీత దాటే పశువుకు నిషేధం ఎత్తేసినా ఓడలో చోటు దొరకదు.

ఇక్కడే అసలు ప్రశ్న తలెత్తింది. ఆస్ట్రేలియాలో ఒక పశువు చేయి మారిన ప్రతిసారీ అమ్మినవాడు 5 డాలర్ల లెవీ కట్టాలి. ఇది చందా కాదు, చట్టం. ఇందులో పెద్ద భాగం మీట్ అండ్ లైవ్‌స్టాక్ ఆస్ట్రేలియా అనే సంస్థకు చేరుతుంది. మాంసానికి ప్రచారం, పరిశోధన, విదేశీ మార్కెట్ల అభివృద్ధి దాని పనులు. ఎగుమతిదారుల సంస్థతో కలిసి ఇండొనేషియాలో పని చేసింది కూడా ఇదే. పశువును తాడుతో పడగొట్టడానికి వాడే ఇనుప పెట్టెలు అక్కడ వందకు పైగా అమరాయి. టెలివిజన్‌లో జనం చూసిన దృశ్యాల్లో ఆ పెట్టెలూ ఉన్నాయి. అంటే పోషకుడు కట్టిన డబ్బుతో సాగిన కార్యక్రమమే అతని జీవనాధారానికి ఎసరు పెట్టిందన్నమాట!

సంస్థకు ఏమీ తెలియదా అంటే, అలా అనడానికి వీల్లేదు. ఇండొనేషియాలో పశువుల పరిస్థితిపై 2010లో ఈ రెండు సంస్థలే నిపుణుల చేత అధ్యయనం చేయించాయి. పరిస్థితి మొత్తం మీద బాగానే ఉందని ఆ నివేదిక అన్నది కానీ, కోత దగ్గర లోపాలను కూడా ఎత్తిచూపింది. ఆ లోపాల తీవ్రతను పోషకుల ముందు ఎవరూ విప్పి పెట్టలేదు. వారు ఆ సంగతి అందరితోపాటు తమ ఇంటి టెలివిజన్‌లో చూసి తెలుసుకున్నారు. నష్టం కంటే ఎక్కువగా వారిని మండించింది ఇదేనని మా అభిప్రాయం. ఓడలో పంపిన పశువు గతి ఏమిటో తెలుసుకోవలసిన పూచీ ఎవరికి అప్పగించారో, వారే నోరు మెదపలేదు.

నిషేధం వచ్చాక ఇంకో వింత బయటపడింది. లెవీ అందుకునే సంస్థ ప్రభుత్వంతో రాజకీయంగా కొట్లాడరాదు. దాని ఒప్పందమే అందుకు అడ్డు. పోషకుల తరఫున మాట్లాడవలసింది క్యాటిల్ కౌన్సిల్. దానికి లెవీ డబ్బు నేరుగా రాదు. రాష్ట్ర రైతు సంఘాల ప్రతినిధులతో, చాలీచాలని నిధులతో నడిచే సంస్థ అది. డబ్బున్న సంస్థకు నోరు లేదు, నోరున్న సంస్థకు డబ్బు లేదు. నిలిచిపోయిన పశువుల మేతకు 50 లక్షల డాలర్లు కేటాయించమని మంత్రి కోరితే, లెవీ సంస్థ ఒత్తిడి వచ్చాక గానీ సరేననలేదు. అది పోషకుల సొమ్మే కదా! ప్రభుత్వం 3 కోట్ల డాలర్ల సహాయం ప్రకటించింది గానీ, ఏటా లక్షల్లో అప్పు కిస్తీలు కట్టే కుటుంబానికి అందులో దక్కేది ఏ మూలకు?

జూలై 6న నిషేధం ఎత్తేశారు. పశువు ఓడ దిగినప్పటి నుండి కోత వరకు ఎగుమతిదారే జవాబు చెప్పాలనే కొత్త పద్ధతి పెట్టారు. ఇది మంచి మార్పే. కానీ ఇండొనేషియాకు నమ్మకం పోయింది. స్వయంసమృద్ధి పేరుతో కోటా తగ్గించడంతో 2012లో అక్కడికి వెళ్లిన పశువులు 3 లక్షల లోపే. ఫలితంగా 2013లో జకార్తాలో గొడ్డుమాంసం కిలో లక్ష రూపాయల దరిదాపులకు చేరింది. (అక్కడి రూపాయలు సుమా!) రంజాన్ నెలలో ఒకపూట కూర వండుకోవాలనుకునే సామాన్యుడి మీద పడ్డ భారం ఇది. ఆ తీరాన నాయకుల నిర్వాకం ఇంకా ఘోరం. ఇదే గొడ్డుమాంసం దిగుమతి కోటా వ్యవహారంలో లంచం కేసులో ఇస్లామీయ పార్టీగా పేరున్న పీకేఎస్ మాజీ అధ్యక్షుడు లుత్ఫీ హసన్ ఇస్‌హాక్‌కు 2013 డిసెంబరులో 16 ఏళ్ల జైలుశిక్ష పడింది. మనవారు కదా అని ఈ మాట దాచడం మాకు ఇష్టం లేదు.

ఆస్ట్రేలియా పోషకులు ఊరుకోలేదు. ఉత్తరాదికి చెందిన బ్రెట్ కుటుంబ కంపెనీ ముందుండి, నష్టపోయిన వారందరి తరఫున ప్రభుత్వంపై దావా వేసింది. 2020 జూన్ 2న ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి స్టీవెన్ రేర్స్ తీర్పు చెప్పారు. సరైన పద్ధతిలో నడిచే కబేళాలకు మినహాయింపు ఇవ్వకుండా అంతటినీ మూసేయడం చెల్లదనీ, మంత్రి తన పదవీ అధికారాన్ని తప్పుగా వాడారనీ తేల్చారు. బ్రెట్ కంపెనీకి 29 లక్షల డాలర్లకు పైగా పరిహారం నిర్ణయించారు. మంత్రి తప్పుకు కోర్టు దొరికింది. సొంత సంస్థ మౌనానికి ఏ కోర్టుకు వెళ్లాలి?

దాని కోసం వారు పట్టిన దారి వేరు. లెవీ సంస్థలో ఓటు కట్టిన లెవీని బట్టి ఉంటుంది. పెద్ద కంపెనీ గొంతు ముందు చిన్న పోషకుడి గొంతు వినబడదు. పైగా లెవీ కట్టినంత మాత్రాన సభ్యత్వం రాదు, విడిగా నమోదు కావాలి. ఈ ఫిర్యాదులన్నీ సెనేట్ కమిటీ ముందుకు వెళ్లాయి. పోషకుల సొంత యాజమాన్యంలో కొత్త సంస్థ కావాలని కమిటీ 2014 సెప్టెంబరులో సిఫారసు చేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన మంతనాల మీదట 2022లో క్యాటిల్ కౌన్సిల్ స్థానంలో క్యాటిల్ ఆస్ట్రేలియా ఏర్పడింది. ఇందులో లెవీ కట్టే పోషకులే డైరెక్టర్లను నేరుగా ఎన్నుకుంటారు. లెవీ డబ్బు మాత్రం ఆ తర్వాతా పాత సంస్థ ఖాతాకే వెళ్లింది.