ఊపిరితిత్తుల క్యాన్సర్: అనుమానం వస్తే చాలు, ఆగొద్దు

ముందు ఆర్‌ఎంపీ ఇచ్చిన దగ్గు మందు, తర్వాత టౌన్లో ఎక్స్‌రే, ఆపైన టీబీ మాత్రలు. ఇలా తిరిగి తిరిగి పెద్దాసుపత్రికి చేరేసరికి నెలలు గడిచిపోతాయి. మన దగ్గర ఈ జబ్బు చాలావరకు ముదిరాకే బయటపడటానికి ఈ తిరుగుడూ ఒక కారణం. దారిలో అడ్డుపడే అపోహలివి.

అపోహ: పెద్దాసుపత్రికి రాసిచ్చారంటే క్యాన్సర్ ఖాయమే.

వాస్తవం: రాసిచ్చేది తేల్చుకోవడానికే. బ్రిటన్లో 40 ఏళ్లు దాటినవారికి కారణం తెలియకుండా కళ్లెలో రక్తం పడితే వెంటనే స్పెషలిస్టు దగ్గరికి పంపాలి. అలా వెళ్లేవారిలో ఎక్కువమందికి క్యాన్సర్ లేదనే తేలుతుంది.

అపోహ: ఎక్స్‌రేలో మచ్చ ఉందంటే టీబీయే.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. విడవని దగ్గు, కళ్లెలో రక్తం, చిక్కిపోవడం రెండు జబ్బుల్లోనూ ఉంటాయి. ట్యూబులైటుకు ఎత్తిపట్టిన ఫిల్ములో తెల్లమచ్చ కూడా ఒకేలా కనిపించవచ్చు. అందుకే కళ్లె పరీక్ష తప్పనిసరి. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు టీబీ క్రిమిని గంటల్లోనే పట్టిస్తాయి. అందులో ఏమీ తేలకుండా మందులు మొదలుపెట్టినవారికి కొన్ని వారాలైనా గుణం కనబడకపోతే, ‘ఆరు నెలల కోర్సు అయ్యాక చూద్దాం’ అనుకోకూడదు. అలాగని మాత్రలు సొంతంగా ఆపేయకూడదు. రెండు జబ్బులూ కలిసి ఉండొచ్చు కూడా.

అపోహ: ఎక్స్‌రే బాగుంది, ఇక భయం లేదు.

వాస్తవం: గుండె నీడ వెనకో, ఎముకల మాటునో ఉన్న చిన్న గడ్డ ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు. రక్తం పడుతున్నా, గొంతు వారాల తరబడి బొంగురుగానే ఉన్నా సీటీ స్కాన్ అవసరమేమో డాక్టర్ని అడగాలి.

అపోహ: పొగ తాగనివారికి రాదు.

వాస్తవం: బీడీ, చుట్ట, సిగరెట్లదే పెద్ద పాపం. అయితే పక్కవాళ్లు వదిలే పొగ, కట్టెల పొయ్యి, కలుషితమైన గాలి కూడా కారణాలే. పొగ తాగనివారి క్యాన్సర్లలో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు తరచుగా కనిపిస్తుంది. దానికి ప్రత్యేకంగా పనిచేసే మాత్రలున్నాయి.

అపోహ: పరీక్ష కోసం గడ్డలోంచి ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది.

వాస్తవం: అలా జరగడం చాలా అరుదు. ముక్క పరీక్ష చేయనిదే అది ఏ రకమో, ఏ మందు పనిచేస్తుందో తెలియదు.

ఈ పరీక్షలకు హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా కొత్త రిపోర్టులతోపాటు బీరువా మీద దుమ్ము పట్టిన పాత ఎక్స్‌రే ఫిల్మునూ తీసుకెళ్లండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే మచ్చ ఎప్పటిదో, పెరుగుతోందో లేదో డాక్టరుకు తెలిసేది.