పంచకల్యాణి

బెంగళూరు నడిబొడ్డున గుర్రపు పందేల మైదానం ఉంది. అక్కడికి పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో కుణిగల్ ఉంది. టిప్పు సుల్తాన్ సైన్యం కోసం గుర్రాలను పెంచిన ఊరది. ఇలాంటి చోట్ల గుర్రాలను పరిశీలనగా చూడండి. ఒంటి రంగు ఎరుపైనా, గోధుమ రంగైనా, కొన్నింటి కాళ్లు మేజోళ్లు తొడిగినట్లు తెల్లగా ఉంటాయి. కొన్నింటి నొసట తెల్లని చుక్క ఉంటుంది.

నాలుగు కాళ్లూ, ముఖమూ తెల్లగా ఉన్న గుర్రాన్ని మన పెద్దలు 'పంచకల్యాణి' అన్నారు. అది శుభప్రదమని నమ్మారు. గుర్రాల లక్షణాలను గురించి మనుమంచి భట్టు తెలుగులో పద్యగ్రంథమే రాశాడు. మచ్చను బట్టి గుర్రానికి విలువ కట్టిన రోజులవి. మచ్చ చెడ్డదనుకుంటే మంచి గుర్రాన్ని కూడా వదులుకొనేవారు. ఇంతకీ ఈ తెలుపు ఎలా వస్తుంది?

చర్మానికీ, వెంట్రుకలకూ రంగునిచ్చే కణాలను వర్ణకణాలంటారు. తల్లి కడుపులో పిండం పెరిగేటప్పుడు ఇవి వీపు మధ్యభాగాన పుడతాయి. అక్కడి నుండి శరీరమంతటా వ్యాపిస్తాయి. గిట్టలు, నొసలు, ముక్కు, పొట్ట వీటికి చాలా దూరం. కణాలు చేరని చోట వెంట్రుకలు తెల్లగా, చర్మం గులాబిరంగుగా మిగిలిపోతాయి. తెల్లని కాలి కింద గిట్ట కూడా పాలిపోయి ఉంటుంది. ఆ తెలుపులో గిట్ట అంచున నల్లని చుక్క ఉంటే, దాని కింద గిట్టపై నల్లని చార దిగుతుంది.

వర్ణకణాల ప్రయాణాన్ని నడిపేవి జన్యువులు. గుర్రంలో 32 జతల క్రోమోసోములు ఉన్నాయి. మూడవ క్రోమోసోముపై 'కిట్' అనే జన్యువు ఉంది. వర్ణకణాలు కదలడానికీ, బతకడానికీ కావలసిన సంకేతాలను అందుకోవడంలో ఇది తోడ్పడుతుంది. ఇందులోని కొన్ని మార్పులు తెలుపును పెంచుతాయి. పదహారవ క్రోమోసోముపై ఉన్న 'ఎం.ఐ.టి.ఎఫ్.' అనే జన్యువుకు కూడా ఇందులో పాత్ర ఉంది. ఎర్ర గుర్రాలలో సాధారణంగా తెలుపు ఎక్కువగా కనిపిస్తుంది.

అయితే అంతా జన్యువుల చేతిలోనే లేదు. 2003లో ఇటలీలో మొదటిసారి క్లోనింగ్ ద్వారా గుర్రపు పిల్ల పుట్టింది. ఆ తరువాత మరెన్నో పుట్టాయి. జన్యువులు ఒకటే అయినా వాటి తెల్లమచ్చలు అచ్చు ఒకేలా రావు. కణాల ప్రయాణంలో యాదృచ్ఛికతకు కూడా చోటుందని దీనివల్ల తెలుస్తుంది.

ఒంటి నిండా చుక్కలున్న గుర్రాల సంగతి వేరు. ఫ్రాన్సులోని పెష్ మెర్ల్ గుహలో సుమారు 25,000 సంవత్సరాల కిందటి చుక్కల గుర్రాల చిత్రాలున్నాయి. అవి కేవలం ఊహాచిత్రాలని కొందరు భావించారు. కాని ప్రాచీన గుర్రాల ఎముకలలోని డి.ఎన్.ఏ.ను పరీక్షించినప్పుడు, ఆ కాలంలో నిజంగానే చుక్కల గుర్రాలు ఉండేవని 2011లో తేలింది. ఈ చుక్కలకు కారణమైన జన్యువు కంటిలో కూడా పనిచేస్తుంది. మార్పు చెందిన జన్యువు తల్లి నుండీ, తండ్రి నుండీ వస్తే ఆ గుర్రానికి చీకట్లో చూపు ఆనదు.

మరొక రకం మచ్చల విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. అమెరికా జాతులలో కనిపించే ఒక జన్యువు మార్పు, ఒక్కవైపు నుండే వస్తే గుర్రానికి అందమైన మచ్చలనిస్తుంది. రెండువైపుల నుండీ వస్తే పిల్ల పూర్తిగా తెల్లగా పుడుతుంది. దాని పేగులలో నాడీకణాలు సరిగా ఏర్పడవు. అది కొద్ది రోజులలోనే చనిపోతుంది. అలాంటి జంటకు పుట్టే ప్రతి పిల్లకూ ఈ ముప్పు నాలుగింట ఒక వంతు ఉంటుంది. ఇప్పుడు డి.ఎన్.ఏ. పరీక్షతో ముందే తెలుసుకొని అలాంటి జంటను కలపకుండా జాగ్రత్తపడుతున్నారు.

పందెపు గుర్రాల పత్రాలలో ప్రతి మచ్చనూ నమోదు చేస్తారు. ఒక గుర్రానికి బదులు మరొకదాన్ని తెచ్చి మోసగించకుండా ఇది కాపాడుతుంది. మచ్చ గుర్రాన్ని గుర్తించడానికి ఆధారం, అదృష్టానికి కాదు. గుర్రం మంచిచెడ్డలు తెలియాలంటే దాని ఆరోగ్యాన్నీ, నడకనూ, స్వభావాన్నీ చూడాలి.