చర్మము బిగియు వ్యాధి: తొలి యేండ్ల జాగ్రత్త

చలికాలమున తెల్లవాఱుజామున చన్నీళ్లలో చేతులు పెట్టినంతనే వ్రేళ్లు తెల్లగా పాలిపోయి, పిమ్మట నీలివర్ణము దాల్చి, వెచ్చబడినకొలది ఎఱ్ఱబడుట కొందఱు స్త్రీలకు అనుభవమే. 1862లో మారిస్ రేనో అను ఫ్రెంచి వైద్యుడు దీనిని వర్ణించుటచే దీనికి ఆయన పేరే నిలిచినది. ఇట్టివారిలో పెక్కుమందికి ఇది చలికి ఓర్వని రక్తనాళముల స్వభావమేకాని వేఱొక జబ్బు కాదు. అరచేతులు రాచుకొని మరల పనిలో బడుదురు. కాని కొందఱికి మాత్రము ఇది రాబోవు పెద్దవ్యాధికి ముందుగా వచ్చిన కబురు. ఆ వ్యాధి పేరు సిస్టమిక్ స్క్లీరోసిస్. చర్మము గట్టిపడి బిగిసిపోవుటచే దీనిని స్క్లీరోడెర్మా యనియు వ్యవహరింతురు. పురుషులకంటె స్త్రీలకు ఇది మూడు నాలుగు రెట్లు అధికముగా వచ్చును. అదియు తఱచుగా 30 మొదలు 50 ఏండ్ల నడిమి ప్రాయమున, సంసారభార మంతయు నెత్తిమీద నున్నపుడు.

పేరు చర్మమునకు సంబంధించినదే యైనను ప్రాణాపాయము చర్మమున లేదు. దేహమును రక్షింపవలసిన శక్తి దారితప్పి ఆ దేహముమీదనే తిరుగబడును. సన్నని రక్తనాళములు చెడిపోవును. మెత్తగా నుండవలసిన తావుల గట్టి నారవంటి పదార్థము పేరుకొనును. ఇది ఊపిరితిత్తులలోనో, మూత్రపిండములలోనో, గుండెలోనో జరిగినపుడే భయము. ఇట్లు చర్మము బిగిసిన 17 ఏండ్ల బాలిక నొకతెను గూర్చి నేపిల్సు నగరమున కార్లో కుర్జియో అను వైద్యుడు 1753లోనే వ్రాసెను. అయినను, "నా లోపలి అవయవములలో దేనికి ముప్పు? నే నెన్నాళ్లు బ్రదుకుదును?" అని రోగి యడిగినచో చెప్పుటకు అటుపిమ్మట రెండువందల యేండ్లకుగూడ వైద్యులయొద్ద సరియైన సమాధానము లేకపోయెను.

సమాధానము దొరకినది ఓపికతో వ్రాసిపెట్టిన లెక్కలవలన. అమెరికాలోని పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయమున రాడ్నన్, మెడ్స్‌గర్, వర్జీనియా స్టీన్ మొదలగువారు తమయొద్దకు వచ్చిన ప్రతిరోగి వృత్తాంతమును ఏండ్లతరబడి నమోదు చేసిరి. (ఈ స్టీన్ స్త్రీ యని మన సోదరీమణులు గమనింతురుగాక.) చర్మము విస్తారముగా గట్టిపడిన 953 మంది చరిత్రలను పరిశీలించి స్టీన్, మెడ్స్‌గర్‌లు 2000 సంవత్సరమున ఒక సంగతి వెల్లడించిరి. చర్మమునకు గాని మూత్రపిండములకు గాని తీవ్రమైన చెఱుపు కలిగినవారిలో నూటికి 70 మందికి అది తొలి 3 సంవత్సరములలోనే కలిగినది. ఏదో యొక అవయవము అట్లు తీవ్రముగా చెడినవారిలో 9 ఏండ్లకు మిగిలినవారు నూటికి 38 మంది. అట్లు చెడనివారిలో 72 మంది. అనగా ముప్పు ఎప్పుడో ముసలితనమున వచ్చునది కాదు, గుమ్మములోనే కాచుకొని యుండును. తొలి మూడేండ్లను "చూతములే" అని గడుపుట యెంత నష్టమో దీనివలన తెలియును. ఇవి అమెరికా రోగుల లెక్కలేకాని మన దేశపువి కావని మఱవరాదు. అయినను వ్యాధి నడక తెలిసికొనుటకు ఇంతకంటె మంచి దారి కనబడదు.

ఇక వైద్యుడు మొదట చూచునది చర్మము ఎంతవఱకు గట్టిపడినది యను సంగతి. చేతులు, మోచేతి క్రిందిభాగము, ముఖము, ఇంతటితో ఆగినచో పరిమితమైన జాతి. మోచేయి దాటి భుజములకు, ఱొమ్మునకు, పొట్టకు ప్రాకినచో విస్తృతమైన జాతి. ఈ విభాగమును 1988లో లీరాయ్ మొదలగువారు ఏర్పఱచిరి. దేహమున 17 చోట్ల చర్మమును వ్రేళ్లతో పట్టి పైకెత్తి, ఒక్కొక్కచోటికి సున్న మొదలు 3 వఱకు గుణము వేసి కూడుదురు. మొత్తము 51కి మించదు. తొలి నెలలలో ఈ సంఖ్య వేగముగా పెరుగుచున్నచో లోపలి అవయవములకు ముప్పు ఎక్కువ.

పిదప రక్తపరీక్ష. దేహము తనపై తానే పుట్టించుకొను ప్రతిరక్షకములు మూడు ముఖ్యమైనవి. స్కల్-70 అనునది కనబడినచో ఊపిరితిత్తులను కనిపెట్టి యుండవలెను. ఆర్.ఎన్.ఏ. పాలిమరేస్-3 అను దానికి ఎదురైనది కనబడినచో మూత్రపిండములను. సెంట్రోమియర్‌కు ఎదురైనది కనబడినచో వ్యాధి సాధారణముగా నెమ్మదిగా నడచును.

గోటిమొదట నుండు చర్మపు అంచును సూక్ష్మదర్శినితో చూచుట యింకొక పరీక్ష. నొప్పి లేదు, సూది లేదు. హిల్డెగార్డ్ మారిక్ అను విదుషి 1970 తర్వాత దీనిని వృద్ధిపఱచినది. ఆరోగ్యవంతుల గోటిమొదట సన్నని రక్తనాళములు దువ్వెన పండ్లవలె వరుసగా నుండును. ఈ వ్యాధి వచ్చుచున్నవారికి అవి ఉబ్బి, పిమ్మట నశించి, నడుమ నడుమ ఖాళీలు ఏర్పడును. కెనడాలోని మాంట్రియల్‌లో, వ్రేళ్లు తెల్లబడుట తప్ప వేఱేమియు లేని 586 మందిని కనిపెట్టి చూడగా వారిలో 74 మందికి తుదకు ఈ వ్యాధి వచ్చినది. గోటిమొదటి మార్పును, రక్తమున ఈ వ్యాధికే చెందిన ప్రతిరక్షకమును రెండును ఉన్నవారికి అవి రెండును లేనివారికంటె 60 రెట్లు అధికముగా వచ్చినది. కావున వ్రేళ్లు తెల్లబడిన ప్రతివారును బెదరనక్కఱలేదు. కాని దానితోకూడ వ్రేళ్లు ఉబ్బి, ఉంగరము కదలకపోయినచో మాత్రము ఉపేక్షింపరాదు. ఇంటిలో పెద్దవారు "నీళ్లలో నానినవిలే అమ్మా" అనవచ్చును. అయినను వైద్యునికి చూపవలెను.

మూత్రపిండముల సంగతి కొంత విపులముగా చెప్పవలసి యున్నది. ముందుగా ఊహించుటవలన ప్రాణములు నిలిచినది ఇచ్చటనే. వెనుక ఈ వ్యాధిలో రక్తపుపోటు ఒక్కసారిగా పెరిగి మూత్రపిండములు చెడినచో ఆశ వదలుకొనవలసినదే. బ్రెజిలు దేశపు పామువిషమునుండి దొరకిన ఆధారముతో కాప్టోప్రిల్ అను మందు తయారైనది. 1979 ప్రాంతమున దీనిని ఈ రోగులకు ఇచ్చి చూచిరి. 1990లో స్టీన్ మొదలగువారు ప్రకటించిన లెక్క యిది: ఈ జాతిమందు వాడినవారిలో ఏడాదికి మిగిలినవారు నూటికి 76 మంది, వాడనివారిలో 15 మంది. కాని యీ మందు వెంటనే పడవలెను. అందుచేతనే చర్మము విస్తారముగా బిగిసినవారు తొలి నాలుగైదేండ్లు ఇంటియందే రక్తపుపోటు చూచుకొని, తారీఖులతో వ్రాసికొనుచుండవలెనని చెప్పుదురు. ఎల్లప్పుడు 110 ఉండు మనిషికి హఠాత్తుగా 145 వచ్చినచో, తలనొప్పియు చూపు మసకయు లేకున్నను, ఆ దినముననే వైద్యుని యొద్దకు పోవలెను. ఇదంతయు ఒక చిన్న యంత్రముతో ఇల్లాలే చేసికొనగల పని.

ఇంకొక మాట. కీళ్లనొప్పులకు, వాపులకు స్టీరాయిడు మాత్రలు మ్రింగినచో హాయిగా నుండును. అందుచే కొందఱు వైద్యుని అడుగకయే కొనసాగింతురు. వ్యాధి తొలిదశలో రోజునకు 15 మిల్లీగ్రాములు, అంతకు మించి, ప్రెడ్నిసోన్ వాడినవారికి ఈ మూత్రపిండముల విపత్తు అధికముగా వచ్చెనని 1998లో తేలినది. అయితే వాడుచున్న మాత్రలను తమంతట తామే హఠాత్తుగా మానుటయు ప్రమాదమే. చర్మము విస్తారముగా బిగియుచున్న తొలి సంవత్సరములలో గర్భము ధరింపక కొంతకాలము ఆగుమని వైద్యులు చెప్పుటకును మూత్రపిండముల భయమే ముఖ్యకారణము.

ఇట్లు మూత్రపిండముల భయము తగ్గగా ఊపిరితిత్తులు ముందునకు వచ్చినవి. పిట్స్‌బర్గు లెక్కలలో 1970 తర్వాతి యేండ్లలో ఈ వ్యాధిచే మరణించినవారిలో నూటికి 42 మంది మూత్రపిండముల విపత్తుచే పోగా, 1990 తర్వాత అది 6కి దిగినది; ఊపిరితిత్తులు గట్టిపడి పోయినవారు 6 నుండి 33కి పెరిగిరి. పదియేండ్లు బ్రదుకువారు మాత్రము నూటికి 54 నుండి 66కి పెరిగిరి. ఊపిరితిత్తుల బలము తగ్గుటయు అధికముగా తొలి నాలుగైదేండ్లలోనే. కావున వ్యాధి తెలిసినంతనే ఒక మాఱును, పిమ్మట కొలది నెలలకొక మాఱును శ్వాసపరీక్ష చేయింపవలెను.

ముందుగా అంచనా వేయుట రోగిని బెదరించుటకు కాదు, మందు ఎంచుకొనుటకు. మూలకణములను మార్చు చికిత్సను ఐరోపాలో 156 మందిపై పరీక్షించి 2014లో ఫలితము ప్రకటించిరి. ఆ చికిత్స పొందినవారిలో నూటికి 10 మంది మొదటి యేటనే దానివలననే మరణించిరి. కాని కాలము గడచినకొలది మిగిలినవారు అధికముగా బ్రదికిరి. ఇట్టి మందును తేలికజాతి వ్యాధి గలవారికి ఇచ్చుట అన్యాయము. అవయవములు చెడనున్నవారికి ఇవ్వకుండుటయు అన్యాయమే. ఎవరు ఏ జాతివారో మొదటనే తెలియవలెను.

విస్తృతజాతిలో కొన్ని యేండ్లకు చర్మము తనంత తానే మెత్తబడుట కలదు. వ్రేళ్లు కొంచెము వంగినంతనే వ్యాధి పోయినదని పరీక్షలు మానివేయువారు కలరు. పరిమితజాతివారి యవస్థ వేఱు. వారికి తొలి యేండ్లు సుఖముగా గడచి, పదేండ్ల తర్వాత గుండెనుండి ఊపిరితిత్తులకు పోవు రక్తనాళములలో పోటు పెరుగవచ్చును. మేడమెట్లు ఎక్కినపుడు వచ్చు ఆయాసమును వయస్సు మీదికి త్రోయుట మన యిండ్లలో పరిపాటి. ఆయాసము లేకున్నను ఏటేట గుండెకు ఎకో పరీక్ష చేయించుకొనుమని వారితో చెప్పుట అందుచేతనే.