పండ్రెండవ గంట

పందెమనగానే మనము మొదట వచ్చినవాని పేరు అడుగుదుము. దక్షిణాఫ్రికాలోని కామ్రేడ్స్ మారథానులో జనులు చివర వచ్చువారికొరకు ఎదురుచూతురు. మొదటి ప్రపంచయుద్ధమున అసువులు బాసిన సహచరుల స్మృతికై విక్ క్లాఫం అను రైలింజను డ్రైవరు 1921లో దీనిని నెలకొల్పెను. డర్బన్, పీటర్‌మారిట్స్‌బర్గ్ నగరముల నడుమ పరుగు దాదాపు 90 కిలోమీటర్లు. ఆ యేట బయలుదేరినవారు 34 మంది. గమ్యము చేరినవారు 16 మంది. స్త్రీలకును నల్లజాతివారికిని అధికారికముగా ప్రవేశము లభించినది 1975లో.

నేడు పరుగెత్తువారిలో అత్యధికులు గెలుపునాశింపని సామాన్యులే. 12 గంటలు నిండగనే ఒక అధికారి వారికి వీపు త్రిప్పి నిలిచి తుపాకి ప్రేల్చును. ఎవరి ముఖమును చూడడు. ఒక్క అడుగు వెనుకబడినను దినమంతటి శ్రమ లెక్కకు రాదు. ఇది యెరిగియు, కూలబోవు అపరిచితునికి భుజమిచ్చి నడిపించువారు కలరు. కామ్రేడ్ అనగా సహచరుడు. ఆ పేరునకు అర్థము మనకచ్చట కనబడును.